ఒక్క చుక్కయినా

"ఇవాళ కూడా ముట్టుకోలేదు," అంది కలోందు, గిన్నె మూత తీసి చూసి.

సియొమితి పొయ్యి ముందు కూర్చుని పుల్లలు ఎగదోస్తోంది. కోడలి మాట విన్నా తల తిప్పలేదు. గిన్నెలో ఉడికించిన మొక్కజొన్న, చిక్కుడుగింజలు పెట్టినవి పెట్టినట్టే ఆరిపోయి ఉన్నాయి. వాటిని తినాల్సిన మనిషి, ఆమె చిన్నకొడుకు కిమంతి, వంటగుడిసె మూల గోడకు ఆనుకుని మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

బయట గేటు పక్కన మేక అరిచింది. ఒట్టు వేయించే పెద్దల భోజనానికని కలోందు మొగుడు ముతెంగి స్వయంగా వోతె సంతకు వెళ్ళి తోలుకొచ్చిన మేక.

"దానికున్న ఆకలి మనిషికి లేదు," అంది కలోందు.

ఎవరూ నవ్వలేదు. ఆమె గిన్నె తీసుకుని వెళ్ళబోయి, గుమ్మంలో ఆగింది.

"పొద్దు వాలేసరికి ముల్వా పెద్దాయన వచ్చేస్తాడు అత్తా. 'అది' కూడా వస్తుంది."

ఆ ఇంట్లో ఇప్పుడు కిథీతును ఎవరూ పేరు పెట్టి పిలవడం లేదు. అది గుడ్డలో చుట్టిన ఒక పొట్లం. పుల్లతో దాన్ని కొడుతూ ఒట్టు వేయాలి. ఒట్టు అబద్ధమైతే, వేసినవాణ్ణి అది ఏమీ అనదు. వాడి పిల్లల్ని పట్టుకుంటుంది. కిమంతి పెళ్ళాం వాయువా ఆ మాట చెవిన పడ్డ రోజే చంటిబిడ్డను వీపున కట్టుకుని ఎంబూని కొండల్లోని పుట్టింటికి వెళ్ళిపోయింది. వెళ్తున్నానని అత్తకు చెప్పింది. మొగుడికి చెప్పలేదు.

కలోందు వెళ్ళాక సియొమితి కొడుకు వైపు తిరిగింది.

"నువ్వు ఆ డీజిలు తీయలేదు కదరా?"

"లేదు."

"మరి తీయనివాడికి భయమెందుకు? వెళ్ళి కొట్టేసి రా. ఆదివారం చర్చిలో పాస్టరు తిడితే నేను పడతా. ఒట్టేస్తే నీ బిడ్డా నీ పెళ్ళామూ తిరిగొస్తారు."

కిమంతి నేల మీద బొగ్గుముక్కతో గీత గీశాడు. మళ్ళీ అరచేత్తో చెరిపేశాడు.

అంతలో గుమ్మానికి అడ్డంగా నీడ పడింది. పెద్దకొడుకు ముతెంగి తల వంచి లోపలికి వచ్చాడు. చేతిలో బండి తాళం. ఈమధ్య దాన్ని తమ్ముడి చేతికి ఇవ్వడం లేదు.

"ఏంటమ్మా, బుజ్జగిస్తున్నావా?"

"టీ అన్నా తాగమంటున్నాను."

"వాడెందుకు తాగుతాడు? వాడి పేరు చెప్పి నా బండి తాగుతోందిగా. కాదు కాదు, బండి పేరు చెప్పి వాడు తాగుతున్నాడు."

"అన్నా," అన్నాడు కిమంతి, నేల చూపులు చూస్తూనే. "చెప్పిందే ఎన్నిసార్లు చెప్పను? బండే తాగుతోంది. ఎక్కుడు దారి. ఇసుక. పైన మామిడికాయల బరువు. అది చాలదన్నట్టు, లోపల పట్టిన మసి వదిలించుకోవడానికి అది దారి మధ్యలో తనకు తానే ఇంకాస్త డీజిల్ కాల్చుకుంటుంది. వాసన వస్తుంది. నువ్వు పక్కన కూర్చో, నీకే తెలుస్తుంది."

"పాత డొక్కుది ఈ కొండలే ఎక్కలేదా? ఈ ఇసుకలో తిరగలేదా? ఇవే మామిడికాయలు మోయలేదా? తలుపు తాడుతో కట్టుకుని తిరిగినా సగం తాగేది కాదు. షోరూంలో ఆ కుర్రాడు టై కట్టుకుని, కాగితం పెట్టి మరీ చూపించాడు. లీటరుకు పద్నాలుగు కిలోమీటర్లు. నీ చేతిలో పడితే ఎనిమిది."

"ఆ టై కుర్రాడు మామిడికాయలేసుకుని ఎమాలి దాకా ఎప్పుడైనా తోలాడా?"

"నోర్ముయ్!"

"ఖాళీ బండి, తారు రోడ్డు, ముందు కొండ లేదు ఎదురు గాలి లేదు. అలాంటి చోట వచ్చిన లెక్క అది. మన ఊళ్ళో అలాంటి చోటెక్కడుందో చూపించు, పద్నాలుగు నేనూ చూపిస్తాను."

ముతెంగి తాళం గుప్పిట్లో బిగించాడు. "మార్కెట్లో దాన్ని ఏమని పిలుస్తున్నారో తెలుసా అమ్మా? పెళ్ళికూతురట! 'పెళ్ళికూతురొచ్చింది, గిన్నెలు దాచుకోండి' అంటున్నారు. అందానికి లోటు లేదు, ఆకలే ఎక్కువ అని. నా మొహం మీదే నవ్వుతున్నారు."

సియొమితి నోటి దాకా ఒక మాట వచ్చింది. మింగేసింది. ఆ బండి కోసం ముతెంగి ఏటి పక్క మెట్లచేను అమ్మాడు. వాళ్ళ నాన్న ఒక్కో మెట్టూ గడ్డపారతో తవ్వి, కొండవాలు మీద మట్టి నిలబెట్టిన చేను. వద్దురా అని ఆమె అడ్డంపడింది. కొత్తబండి ఒక్క ఏడాది తిరిగితే రెండు చేలు కొనొచ్చని అతను అన్నాడు. ఆ సంగతి ఇద్దరి మధ్యా అప్పటినుంచీ అలాగే ఉండిపోయింది.

"ముల్వా పెద్దాయన ఒట్టు మాటలు కట్టి పంపాడు," అన్నాడు ముతెంగి. గొంతు తగ్గింది. "చిన్న మాటే. 'ఈ బండి డీజిలు ఒక్క చుక్కయినా నేను తీయలేదు, ఎవరికీ ఇవ్వలేదు.' అంతే. అని కొట్టు. కొట్టావంటే అక్కడే నీ కాళ్ళు పట్టుకుంటా. కొట్టలేదా, నువ్వు దొంగవే. దొంగకు నాన్న వదిలిన నేలలో వాటా లేదు. ఇది నా మాట కాదు, పెద్దల మాట."

"'అమ్ముకోలేదు' అంటాను," అన్నాడు కిమంతి.

"ఏంటి?"

"'డీజిలు అమ్ముకోలేదు, దొంగతనం చేయలేదు' అంటాను. ఎన్నిసార్లు కొట్టమంటే అన్నిసార్లు కొడతాను. ఆ చుక్క మాట తీసేయమని చెప్పు."



ముతెంగి తల్లి వైపు తిరిగాడు. "విన్నావా అమ్మా?" అన్నాడు. గెలిచినవాడి గొంతులా లేదది. "నేను తీసేయమనను. చుక్క మాట ఉంటుంది."

అతను వెళ్ళిపోయాడు. సియొమితి చిన్నకొడుకు వైపు చూసింది. వీడు పుట్టి ఇంతవాడైన తర్వాత మొదటిసారి, వీడి మొహంలోకి చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

"చుక్క దగ్గర నీకేం అడ్డొచ్చిందిరా?"

కిమంతి లేచాడు. "బండి కడిగి వస్తా. పెద్దాయన ముందు మురికిగా ఉంటే అన్న దానికీ నన్నే అంటాడు."

* * *

మేకను కోయడానికి మగవాళ్ళు వస్తారు. మొక్కజొన్న దంచడం మాత్రం ఆడవాళ్ళ పని. అత్తాకోడళ్ళు రోలుకు అటొకరు ఇటొకరు నిలబడ్డారు. తడిపిన గింజల పొట్టు ఊడేలా ఒక పోటు ఆమె, ఒక పోటు ఈమె.

ముతెంగి చిన్నకూతురు రోలు చుట్టూ తిరుగుతోంది. దానికి పెట్టింది నాయనమ్మ పేరే. అందుకని సియొమితి దాన్ని పేరు పెట్టి పిలవదు. తన్ను తాను పిలుచుకున్నట్టు ఉంటుంది.

"ఏమే పేరుదానా, అన్నం తిన్నావా?"

"నువ్వు తిన్నావా పేరుదానా?" అంది ఆ పిల్ల.

"నేను తింటే నువ్వు తిన్నట్టే పో."

పిల్ల నవ్వుకుంటూ కోళ్ళ వెంట పరిగెత్తింది. కలోందు దాన్నే చూస్తూ రోకలి ఆపేసింది.

"ఏమైందే?"

"అత్తా, ఒట్టు తప్పుగా వేసినవాళ్ళ పిల్లలకే కదా? తప్పుగా వేయించినవాళ్ళకు ఏమీ కాదు కదా?"

సియొమితి రోకలి కూడా ఆగింది.

"అలా ఎందుకడిగావు?"

"ఊరికే."

"ఊరికే అడిగేవాళ్ళు రోకలి ఆపరు."

కలోందు ఇంటి వైపు చూసింది. ముతెంగి లేడని రూఢి చేసుకుని, రోలు మీదకు వంగింది. "నిన్న ఆయనే తోలుకెళ్ళాడుగా బండి, ఎమాలికి. ఒక్కడే. డ్రైవరు దొంగైతే నేను తోలితే తేలిపోతుంది అన్నాడు. బయల్దేరే ముందు టాంకు నిండా కొట్టించాడు. దారిలో ఎక్కడా ఆగలేదట. తిరిగొచ్చి తాళం బల్ల మీద పెట్టి మంచం మీద కూర్చున్నాడు. చొక్కా కూడా విప్పలేదు. 'ఏమైంది, డీజిలు ముల్లు ఎక్కడుంది' అన్నాను. అంతే."

"కొట్టాడా?"

"కొట్టినా బాగుండేది. 'ఇంట్లో ఆడవాళ్ళు కూడా ముల్లు చూడటం నేర్చారా' అని అరిచాడు. తర్వాత అరవడం ఆపేశాడు. పడుకుని పైకప్పు రేకులు చూస్తూ ఉన్నాడు. అత్తా, ఆయన చేతిలోనూ అది అలాగే తాగింది."

కోళ్ళు అరుస్తూ అటు నుంచి ఇటు పరిగెత్తాయి. వాటి వెనకే పిల్ల.

"వాడికి తెలిసీ..." అంది సియొమితి. ఆ మాట పూర్తి కాలేదు.

"ఎలా వెనక్కి తీసుకుంటాడు? మేక వచ్చేసింది. కొండకు అటూ ఇటూ ఉన్న ఇళ్ళన్నిటికీ కబురు వెళ్ళింది. ఇప్పుడు పొరపాటయింది అంటే, చేను అమ్మి ఏం కొన్నావురా అంటారు. ఆ ఒక్క మాట ఆయన పడలేడత్తా. మీరు అన్నారని కాదు. మీరు అనకుండా ఉన్నారే, అదే ఆయన్ని తినేస్తోంది." కలోందు అత్త ముంజేయి పట్టుకుంది. "నేను చెప్పానని మాత్రం అనకండి. ఆ ఇంట్లో నేను బతకాలి."

సియొమితి మాట ఇవ్వలేదు. కాదనీ అనలేదు. రోకలి ఎత్తింది. ఈసారి పోటు పోటుకూ గింజలు రోలు దాటి నేల మీద పడుతున్నాయి. ఏరుకోవాలని ఇద్దరికీ తోచలేదు.

* * *

కిమంతి బండి చక్రాలకు పట్టిన ఎర్రమట్టి చేత్తో గీకుతున్నాడు. పక్కన బకెట్టు అడుగున కాసిని నీళ్ళున్నాయి. అంతకంటే ఎక్కువ బండికి ఖర్చు చేసే ఇల్లు కాదది.

తల్లి వచ్చి అతని వెనక నిలబడింది. తెల్లటి బండి. తలుపు తెరిస్తే ఇంకా కొత్త వాసనే. ముందు సీటు మీద షోరూంలో తొడిగిన ప్లాస్టిక్ తొడుగు తీయడానికి ముతెంగి ఇప్పటికీ ఒప్పుకోడు.

"నిన్న మీ అన్న తోలాడట కదా," అంది.

కిమంతి చెయ్యి ఆగింది. "చెప్పిందెవరో అడగను. నేనూ చూశానమ్మా. ఇందాక కడగడానికి పక్కకు జరపాల్సొచ్చి, అన్న బల్ల మీద వదిలేసిన తాళం తెచ్చుకున్నా. ముల్లు ఎక్కడుండాలో అక్కడే ఉంది. కింద."

"తెలిసి ఎందుకు ఊరుకున్నావురా? చెప్పు అందరికీ!"

"ఏమని? మా అన్న అబద్ధమాడుతున్నాడు అని, పదిమందిలో?"

"నిన్ను దొంగంటున్నాడు వాడు!"

"నేను దొంగనైతే బండి మంచిదవుతుందమ్మా." కిమంతి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "అంతే ఉంది ఇందులో. నేను దొంగనైతే బండి మంచిది, ఆ టై కుర్రాడు నిజాయితీపరుడు, చేను అమ్మడం తెలివైన పని. నేను దొంగను కాకపోతే ఆయనకేం మిగిలింది? రోజూ పొద్దున్నే లేచి ఆ మెట్లచేలో వేరేవాళ్ళు కందులు వేసుకోవడం చూడాలి."

సియొమితి బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. ఆ కాసిని నీళ్ళూ మట్టిలో ఇంకిపోయాయి.

"సరే. మీ అన్నను ఏమీ అనకు. ఒట్టు వెయ్యి. నిజమే కదా నువ్వు చెప్పేది?"

"ఒక్క చుక్కయినా అన్న మాట నిజం కాదు."

"ఎవరికిచ్చావు?"

అతను మళ్ళీ చక్రం వైపు వంగాడు.

"ఎవరికిచ్చావురా? ఏదైనా ఆడదా?"

కిమంతికి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత ఆ మొహంలో నవ్వు కనబడింది. "ఆడదే."

"సిగ్గులేదూ! వాయువా ఏం తక్కువ చేసిందిరా నీకు?"

"నీకే అమ్మా. నీకే ఇచ్చాను. వానలకు ముందు గాదె కాళ్ళకు చెదలు పట్టాయని గోల పెట్టావు గుర్తులేదా? మీ అన్న బండిలోంచి కాస్త తెచ్చి పూయరా, వాడు చూస్తే మాత్రం ఏమంటాడు అన్నావు. సోడాసీసాడు తీశాను. నువ్వే గుడ్డతో పూశావు."

సియొమితి తన చేతులు చూసుకుంది. ఆ పని చేసిన చేతులు ఇవే. ఆ వాసన ఎన్నో రోజులు వదల్లేదు కూడా. అది డీజిలని ఆమెకు ఎప్పుడూ తోచలేదు. చెదల మందు అనే గుర్తు.

"సోడాసీసాడు!" అంది. "అదీ ఒక తీయడమేనా?"

"మనకు కాదు. 'దానికి' చుక్క అంటే చుక్కే."

"అదే మొన్ననే చెప్పి ఉంటే పోయేది కదరా, పిచ్చివాడా!"

"చెబితే అన్న ఏమంటాడో ఆలోచించు. చేను అమ్మేటప్పుడు అడ్డంపడింది నువ్వు. ఇప్పుడు తల్లీ చిన్నకొడుకూ కలిసి బండిని తాగేస్తున్నారు అంటాడు. సీసాతో మొదలైంది ఎక్కడ ఆగుతుందో ఎవరికి తెలుసు? నీ పేరు ఆ ఒట్టు వేసే ఇసుకలోకి లాగనివ్వను."

దూరంగా గేటు దగ్గర మనుషుల గొంతులు వినిపించాయి. మేక అరుపు మధ్యలో ఆగిపోయింది.

* * *

'అది' ఇంటి ఆవరణలోకి రాకూడదు. వస్తే ఆ నేలలో గింజ మొలవదంటారు. అందుకే అందరూ ఎండిన ఏట్లోకి నడిచారు. మగవాళ్ళు ఇసుకలోకి దిగారు. ఆడవాళ్ళు పిల్లల్ని పట్టుకుని ఒడ్డున నిలబడ్డారు. అక్కడ ఎవరూ గీత గీయలేదు గానీ, ఆడవాళ్ళెవరూ ఆ ఒడ్డు దాటరు.

ముల్వా పెద్దాయన చేతికర్ర ఆనించి ఇసుకలో కుదురుకుని, చుట్టూ చూశాడు.

"బండేదీ?"

"ఇంటి దగ్గరుంది తాతా," అన్నాడు ముతెంగి.

"తీసుకురా. తగువంతా దానిదే. ఇంటి మనిషిలాగా తింటున్నప్పుడు ఇంటి మనిషిలాగా వచ్చి నిలబడాలి కదా."

కొందరు నవ్వారు. వెనక నుంచి ఎవరో "పెళ్ళికూతుర్ని పిలుస్తున్నారు!" అన్నారు. ముతెంగి మొహం నల్లబడింది. వెళ్ళి బండి తెచ్చి ఒడ్డు మీద ఆపాడు. ఇంజను ఆపేసిన తర్వాత కూడా దాని కింద ఏదో చిన్నగా బుసకొడుతూనే ఉంది. కాలిన వాసన గాలిలో తేలింది. అది ఏ వాసనో ఆ గుంపులో నలుగురికే తెలుసు. నలుగురూ ఒకే ఇంటివాళ్ళు.

ఒక పెద్దమనిషి సంచిలోంచి పొట్లం తీసి ఇసుకలో పెట్టాడు. నవ్వులు ఆగిపోయాయి.

"కిమంతీ," అన్నాడు ముల్వా. "మాట నీకు తెలుసు. చెబుతావా?"

కిమంతి నిలబడ్డాడు. పెదాలు కదలలేదు.

"చెప్పడం లేదు చూడండి," అన్నాడు ముతెంగి. ఆ మాట అంటూ అతనూ తమ్ముడి వైపు చూడలేదు.

అప్పుడు సియొమితి చెప్పులు విడిచి ఒడ్డు దిగింది.

"అత్తా!" అంది కలోందు. "అమ్మా!" అన్నాడు కిమంతి. ఆమె ఆగలేదు. ఇసుకలో పాదాలు చీలమండల దాకా కూరుకుపోతుంటే లాక్కుంటూ వచ్చి ముల్వా ఎదురుగా నిలబడింది.

"ముతెంగి తల్లీ, ఇది నీ చోటు కాదు," అన్నాడాయన.

"నా చోటు కాదని తెలుసు పెద్దాయనా. చుక్క మాట దగ్గర వాడికి నోరు రాకపోవడానికి కారణం నేను. నా గాదెకు చెదలు పట్టాయి. సోడాసీసాడు డీజిలు తెమ్మన్నాను. తెచ్చాడు. నేనే పూశాను. ఆ చుక్క నాది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఏరంతా నవ్వింది. ముల్వా కూడా చేతికర్ర మీద వాలి భుజాలు కదిలేలా నవ్వాడు.

"చెదలు తాగాయన్నమాట! ఒరే ముతెంగీ, చెదల్ని కూడా పిలిపించాల్సింది."

"సోడాసీసాతో టాంకు ఖాళీ అవుతుందా తాతా?" అన్నాడు ముతెంగి. అతనొక్కడే నవ్వలేదు.

"అవదు. నిజమే. అందుకని మాట మారుస్తున్నా. 'తల్లికి ఇచ్చింది తప్ప ఒక్క చుక్కయినా తీయలేదు.' ఇది చెప్పగలవా కిమంతీ?"

"చెప్పగలను," అన్నాడు కిమంతి. గొంతు గట్టిగా వచ్చింది. పుల్ల కోసం చెయ్యి చాచాడు.

సియొమితి గుండెల నిండా గాలి పీల్చుకుంది. అయిపోయింది అనుకుంది.

"ఆగు," అన్నాడు ముల్వా. "నీ వంతు తర్వాత. నింద మోపినవాడు ముందు కొట్టాలి."

ముతెంగి తలెత్తాడు. "నేనా?"

"ఇంకెవరు? నువ్వు టౌన్లో చదువుకుంటూ పెరిగావు, నీకెవరూ చెప్పలేదేమో. ఒక్క పక్షం చేతే దీన్ని కొట్టించడం మనలో లేదు. లేకపోతే ఎవడికి కోపమొస్తే వాడు పక్కింటివాణ్ణి ఈ ఇసుకలోకి లాగడూ? నీ మాట ఇది. 'నా తమ్ముడే డీజిలు తీశాడు. అది అయిపోవడానికి వేరే కారణం నాకు తెలియదు.' నువ్వు చెప్పి కొట్టు. తర్వాత వాడు చెప్పి కొడతాడు. ఎవరిది నిజమో దానికి తెలుస్తుంది."

పుల్ల ముతెంగి చేతికి వచ్చింది.

ఒడ్డు మీద కలోందు చిన్నకూతుర్ని ఎత్తుకుని, పిల్ల తలను తన మెడకు అదుముకుంది. ఊపిరాడక పిల్ల గింజుకుంది. ఆమె వదలలేదు.

చెప్పరా, అనుకుంది సియొమితి. పొరపాటయిందని చెప్పు. నవ్వుతారు, అంతే. చెదలకు నవ్వినట్టు నీకూ నవ్వుతారు. నవ్వుకుని ఇళ్ళకు పోతారు.

"నా తమ్ముడే..." అన్నాడు ముతెంగి. "నా తమ్ముడే డీజిలు తీశాడు."

"ఊ. రెండోది?"

"అది అయిపోవడానికి..."

పుల్ల గాలిలో ఉంది. ముతెంగి కళ్ళు పొట్లం మీద లేవు. ఒడ్డు మీద ఉన్నాయి. పెళ్ళాం భుజం మీద నుంచి వేలాడుతున్న రెండు చిన్న కాళ్ళ మీద ఉన్నాయి. అయినా పుల్ల కిందకు దించడం లేదు. దించడానికి కావాల్సిన మాట ఆ మనిషి దగ్గర లేదు.

"అయిపోవడానికి వేరే..."

"ఆపండి!" అన్నాడు కిమంతి.

అందరూ అటు తిరిగారు.

"అన్న కొట్టనక్కర్లేదు. నేనే తీశాను."

ముల్వా నెమ్మదిగా అడిగాడు. "ఇప్పుడే కదరా, చెప్పగలను అన్నావు?"

"ధైర్యం చేద్దామనుకున్నా. చేతకాలేదు."

"ఎవరికి అమ్మావు?"

"దారిలో. వాళ్ళ పేర్లు తెలియవు."

"ఈ మాటకు అర్థం తెలుసా నీకు? మీ నాన్న వదిలిన నేలలో నీకు గజం కూడా ఉండదు. నీ బిడ్డకూ ఉండదు."

"తెలుసు తాతా."

కిమంతి చూపు అన్న చేతిలోని పుల్ల మీదే ఉంది. అది దిగేదాకా కదిలేలా లేడు.

పుల్ల దిగింది. ముతెంగి దాన్ని పక్కన పడేశాడు. ఇప్పుడు చెబుతాడు అనుకుంది తల్లి. ఇంతదాకా వచ్చాక ఏ మనిషైనా చెబుతాడు. ముతెంగి పెదాలు తడుపుకున్నాడు.

"విన్నారు కదా," అన్నాడు.

ఆ మాట పక్కవాళ్ళకు కూడా సరిగ్గా వినబడలేదు. ఒడ్డున కలోందు ఏడుపు మొదలైంది. మరిది చేసిన పనికి సిగ్గుతో ఏడుస్తోందని పక్కనున్న ఆడవాళ్ళు ఆమె వీపు నిమిరారు.

ముల్వా మాత్రం కదల్లేదు. ఒకసారి అన్నను చూశాడు, ఒకసారి తమ్ముణ్ణి చూశాడు. ఎన్ని తగువులు తీర్చాడో ఆ ముసలాయన. దొంగ ఒప్పుకోవడం ఆయన చూశాడు. ఒప్పుకున్నాక తేలికపడటం చూశాడు. ఇక్కడ తేలికపడ్డవాడు వేరే ఉన్నాడు.

"ముతెంగి తల్లీ," అన్నాడు. "దిగినదానివి ఇంకా ఒడ్డెక్కలేదు. ఈ పొట్లం మూట కట్టేస్తే తర్వాత విప్పేది ఉండదు. నీకు తెలిసింది ఇంకేమైనా ఉందా?"

ఇద్దరు కొడుకులూ ఒకేసారి ఆమె వైపు తిరిగారు. ఒకడి కళ్ళు బతిమాలుతున్నాయి. రెండోవాడి కళ్ళూ అదే చేస్తున్నాయి. బండి ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆ అన్నదమ్ములు ఇద్దరూ కలిసి తల్లిని ఒకే కోరిక కోరడం ఇదే మొదటిసారి. నోరు విప్పవద్దని.

"ఉంది," అంది సియొమితి.